సర్వర్ చెరిపేశారు, ఫోను తీసుకెళ్లారు: ఇక నా మాట నిలబడేదెలా?

ప్రశ్న: ఒక చిన్న సంస్థలో పద్దులు చూసే ఉద్యోగినిని. మూడు వారాల క్రితం మా అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో ఎవరో సరఫరాదారుల బ్యాంకు ఖాతా నంబర్లు మార్చేశారు. యజమాని ఎప్పటిలాగే చెల్లింపులు చేస్తే డబ్బంతా ముక్కూమొహం తెలియని ఖాతాలకు పోయింది. మార్పులు నా లాగిన్‌తో మధ్యాహ్నం 1:10కి జరిగినట్టు, ఎవరెప్పుడు ఏం చేశారో నమోదయ్యే లాగ్‌లో ఉందట. ఆ సమయానికి నేను సీట్లోనే ఉన్నాను గానీ ఆ పని చేయలేదు. సాయంత్రం ఆరింటికి ఇంటికి వెళ్లిపోతాను. నా పాస్‌వర్డ్ ఆఫీసులో ఇంకో ఇద్దరికి తెలుసు. కంప్యూటర్లు చూసే అబ్బాయి లాగ్‌ను ఒక కాగితం మీద ప్రింటు తీసి, వైరస్ ఉందేమోనని సర్వర్ మొత్తం చెరిపేసి మళ్లీ కొత్తగా అన్నీ ఎక్కించాడు. తర్వాతే పోలీసులకు ఫిర్యాదు చేశారు. వాళ్లు నా ఫోను, ల్యాప్‌టాప్ తీసుకెళ్లి పాస్‌వర్డ్‌లు అడుగుతున్నారు. ఫోనులో ఇంటివాళ్ల ఫొటోలు, సొంత విషయాలు ఉన్నాయి. దూరం నుంచే ఫోను మొత్తం చెరిపేయొచ్చని మా బంధువుల అబ్బాయి అంటున్నాడు. చెరిపేయమంటారా? పాస్‌వర్డ్ చెప్పాలా? సైబర్ కేసుల్లో లాగిన్ ఎవరిదైతే నేరం వారిదేనని అందరూ భయపెడుతున్నారు, నిజమేనా? (పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: మీ మొదటి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పాలి, ఎందుకంటే ఈ ఉత్తరంలో మిమ్మల్ని నిజంగా జైలుకు పంపగలిగిన విషయం అదొక్కటే. ఫోను చెరిపేయకండి. ఆ అబ్బాయిని దాని జోలికి రానివ్వకండి. సాక్ష్యంగా కోర్టుకు రాకుండా చేయాలని ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద విడిగా ఒక నేరం. ఇప్పుడు మీమీద ఉన్నది అనుమానం మాత్రమే. స్వాధీనంలో ఉన్న ఫోను ఉన్నట్టుండి ఖాళీ అయితే, చెరిపిన ఆదేశం మీ ఖాతా నుంచే వెళ్లినట్టు ఆ ఫోను కంపెనీ దగ్గర రికార్డు ఉంటుంది. దాన్ని మీరు ఎవరికీ వివరించలేరు. బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లు వేరే పరికరం నుంచి మార్చుకోండి, అందులో తప్పు లేదు. మార్చిన సంగతి మాత్రం దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా తెలియజేయండి. క్లౌడ్‌లో ఉన్న ఒక్క ఫొటో కూడా తీసేయవద్దు.

పైగా ఆ ఫోను మీకు శత్రువు అనుకుంటున్నారు. ఆ సమయంలో మీరెక్కడున్నారు, ఏం చేస్తున్నారు, మీ ఈమెయిల్‌కు కొత్త పరికరం నుంచి ఎవరైనా లాగిన్ అయినట్టు హెచ్చరిక వచ్చిందా, ఇవన్నీ అందులోనే ఉంటాయి. మీ తరఫున మాట్లాడగలిగినవాటిలో మొదటిది అదే కావచ్చు.

ఇక పాస్‌వర్డ్. దీనికి అవును, కాదు అని ఒక్క మాటలో జవాబిచ్చే వాళ్లను నమ్మకండి. ముందు మీకు వచ్చిన నోటీసు మీద ఏ సెక్షన్ రాసి ఉందో చూడండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 179 అని ఉంటే మిమ్మల్ని సాక్షిగా పిలుస్తున్నారు. ఆ సెక్షన్ కింద మహిళను, ఆమె ఇష్టపడితే తప్ప, నివాసం కాకుండా మరో చోటికి రమ్మనకూడదు. 35(3) అని ఉంటే మీరు అనుమానితురాలు. పిలిచినప్పుడల్లా హాజరవుతూ ఉంటే, కారణాలు రాతలో నమోదు చేయకుండా అరెస్టు చేయడానికి వీల్లేదు. 94 అని ఉంటే పత్రాలో పరికరాలో తెచ్చి ఇమ్మని అడుగుతున్నారు. కొత్త చట్టం ఇందులో ఫోన్లు, కంప్యూటర్ల వంటి పరికరాలను పేరుపెట్టి చేర్చింది. అయితే 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో దీనికి సమానమైన 94వ సెక్షన్ నిందితుడికి వర్తించదని సుప్రీంకోర్టు 1960లలోనే శ్యామ్‌లాల్ చోక్సీ కేసులో తేల్చింది. అందుకే ఆ అంకె అంత ముఖ్యం.

నిందితుడిని పాస్‌వర్డ్ చెప్పమని బలవంతం చేయవచ్చా అన్నదానిపై హైకోర్టులు ఒక్క మాట మీద లేవు. రాజ్యాంగం 20(3) అధికరణం ప్రకారం ఎవరూ తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదు. వేలిముద్రలు, చేతిరాత నమూనాలు ఇవ్వడం ఆ రక్షణ కిందికి రాదని 1961లో కాథీ కాలూ ఓఘడ్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. మనసులో ఉన్నదాన్ని బలవంతంగా బయటికి లాగే నార్కో, పాలీగ్రాఫ్ పరీక్షలు మాత్రం కుదరవని 2010లో సెల్వి తీర్పు చెప్పింది. పాస్‌వర్డ్ వేలిముద్ర లాంటిదా, మనసులోని మాట లాంటిదా? 2021లో వీరేంద్ర ఖన్నా కేసులో కర్ణాటక హైకోర్టు మొదటి వైపు మొగ్గింది. కానీ నిందితుడు నిరాకరిస్తే పోలీసులు కోర్టుకు వెళ్లి సెర్చ్ వారెంటు తెచ్చుకోవాలని, పాస్‌వర్డ్ కోసం పాలీగ్రాఫ్‌కు బలవంతం చేయకూడదని కూడా అంది. 2023లో ఢిల్లీ హైకోర్టు ఒక బెయిలు కేసులో రెండో వైపు నిలిచి, విచారణ ఎదుర్కొంటున్న వ్యక్తిని అలా ఒత్తిడి చేయరాదంది. సమాచార సాంకేతిక చట్టం 69వ సెక్షన్ చూపించి ఏడేళ్ల శిక్ష పడుతుందని ఎవరైనా బెదిరిస్తే కంగారుపడకండి. ఆ అధికారం కేంద్ర, రాష్ట్ర హోం కార్యదర్శుల స్థాయి ఆదేశంతో, నిర్దిష్టమైన కారణాలకే వాడాల్సింది. స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ తనంతట తాను వాడేది కాదు.

మీ విషయంలో నా సలహా ఇది. పాస్‌వర్డ్‌ను స్టేషన్లో నోటిమాటగా, కాగితం ముక్క మీద రాసి ఇవ్వకండి. న్యాయవాది ద్వారా లేఖ ఇవ్వండి: ఫోరెన్సిక్ ల్యాబులో, మూలానికి నకలు తీసే సమయంలో ఇవ్వడానికి సిద్ధమని, పరిశీలన ఫలానా తేదీలకు, కేసుకు సంబంధించిన సమాచారానికే పరిమితం కావాలని రాయండి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి తీర్పు చెప్పాక ఇలా అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అలాగని పరికరాల తనిఖీకి స్పష్టమైన ప్రత్యేక చట్టం మనకు ఉందని కూడా అనుకోవద్దు. పాత్రికేయుల పరికరాల స్వాధీనం మీద విచారిస్తూ 2023 నవంబరులో సుప్రీంకోర్టే మార్గదర్శకాలు అవసరమని కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది. ఈలోగా మీ లేఖ ఒక్కటే మీ మార్గదర్శకం.

ఆ ఫోను ఎలా తీసుకెళ్లారన్నది కూడా కనుక్కోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీయాలి, దాన్ని జాప్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. పంచనామాలో ఫోను ఐఎంఈఐ నంబరు, ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు, హార్డ్ డిస్క్ వివరాలు ఉన్నాయో లేదో చూడండి. హ్యాష్ విలువ రాశారా అన్నది మరీ ముఖ్యం. డిస్కులో ఉన్నదంతటినీ ఒక గణిత సూత్రంలో వేస్తే వచ్చే పొడవాటి అంకె అది. లోపల ఒక్క అక్షరం మారినా ఆ అంకె మొత్తం మారిపోతుంది. స్వాధీనం నాడు రాసిన అంకె, ల్యాబులో వచ్చిన అంకె ఒకటే అయితే మధ్యలో ఎవరూ చేయి పెట్టలేదని రుజువు. ఆ రోజు రాయనేలేదంటే, ఆ తర్వాత స్టేషన్లో ఎవరో ఫోను ఆన్ చేసి చూశారంటే, మీ న్యాయవాదికి క్రాస్ ఎగ్జామినేషన్లో మొదటి ప్రశ్న దొరికినట్టే.

ఇప్పుడు సర్వర్ సంగతి. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నాకు బాగా కోపం తెప్పించింది మీ ఆఫీసులో కంప్యూటర్లు చూసే అబ్బాయి. అతనికి దురుద్దేశం ఉందనడం లేదు. దాడి జరగ్గానే శుభ్రం చేసేయాలి, వ్యాపారం మళ్లీ నడవాలి అన్నది సంస్థల సహజ స్వభావం. సైబర్ భద్రత చట్టాలు సరిగ్గా ఆ స్వభావానికి అడ్డుకట్ట వేయడానికే ఉన్నాయి. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన గమనించిన ఆరు గంటల్లోపు ఆ సంస్థకు నివేదించాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, కంప్యూటర్ల గడియారాలను ప్రభుత్వ సమయ సర్వర్లతో సరిచూసి పెట్టుకోవాలి. క్లౌడ్, వీపీఎన్ (వాడేవారి అసలు చోటు కనిపించకుండా ఇంటర్నెట్‌కు కలిపేది) సేవలు ఇచ్చేవారు ఖాతాదారుల వివరాలను ఐదేళ్లు ఉంచాలి. ఈ నిబంధనలు భారమని సంస్థలు గగ్గోలు పెట్టాయి, గోప్యతకు ముప్పని హక్కుల పక్షం వారు అన్నారు. రెండిట్లోనూ కొంత నిజముంది. కానీ మీలాంటి వ్యక్తి తాను నిర్దోషినని చెప్పుకోవడానికి ఆ 180 రోజుల లాగ్‌లే దిక్కు. మీ యజమాని ఈ నియమాలు పాటించి ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరమే మీకు రాకపోయేదేమో. (సర్ట్-ఇన్‌కు నివేదించడం పోలీసు ఫిర్యాదుతో సమానం కాదు. చాలామంది ఒకటి చేసి రెండూ అయిపోయాయనుకుంటారు.)

అయితే చెరిపేయడం మిమ్మల్ని ఎంత ఇబ్బంది పెట్టిందో ఫిర్యాదును కూడా అంతే బలహీనం చేసింది. మీమీద ఉన్నది ఒక కాగితం. ఎలక్ట్రానిక్ రికార్డు నకలు కోర్టులో సాక్ష్యంగా చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63(4) కింద ధ్రువపత్రం కావాలి. పాత సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్‌కు ఇదే వారసుడు. ఇందులో ఏ, బీ అని రెండు భాగాలు. ఏ భాగం రికార్డు సమర్పించేవారు నింపాలి, బీ భాగం నిపుణుడు నింపాలి, రెంటిలోనూ హ్యాష్ విలువ రాయాలి. ఈ ధ్రువపత్రం తప్పనిసరని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులో చెప్పింది, 2018లో షఫీ మొహమ్మద్ కేసులో కాస్త సడలించింది, 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో మళ్లీ బిగించింది. అసలు పరికరాన్నే యజమాని కోర్టుకు తెచ్చి నిరూపిస్తే ధ్రువపత్రం అవసరం లేదు. మీ కేసులో అసలు పరికరంలో లాగ్ లేదు, చెరిపేశారు. కాగితానికి హ్యాష్ ఉండదు. మరి ఆ ధ్రువపత్రం మీద ఎవరు, దేన్ని చూసి సంతకం చేస్తారు? ఈ ప్రశ్న మీ న్యాయవాది జేబులో ఉండాలి.

ఒకవేళ ఆ లాగ్ సాక్ష్యంగా చెల్లినా అది చెప్పేది ఫలానా ఖాతా వాడారని మాత్రమే. కుర్చీలో కూర్చున్నది ఎవరో అది చెప్పదు. లాగిన్ ఎవరిదైతే నేరం వారిదే అన్న మాట ఏ చట్టంలోనూ లేదు. నిరూపించాల్సిన భారం ప్రాసిక్యూషన్ మీదే ఉంటుంది. పైగా సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షన్ ప్రకారం ఇతరుల పాస్‌వర్డ్‌ను దురుద్దేశంతో వాడినవాడే నేరస్థుడు, శిక్ష మూడేళ్ల వరకు. పాస్‌వర్డ్ ఇంకో ఇద్దరికి తెలుసన్న సంగతి దాచకుండా ముందే రాసి ఇవ్వండి. అది మీ నిర్లక్ష్యమే, కానీ నేరం కాదు. విచారణలో తర్వాతెప్పుడో బయటపడితే మాత్రం కప్పిపుచ్చినట్టు కనిపిస్తుంది.

అంకెలను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 2007లో బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి సామాజిక మాధ్యమంలో అభ్యంతరకరమైన చిత్రం పెట్టారని ఆయన్ను అరెస్టు చేశారు. ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన ఐపీ అడ్రసు (ఇంటర్నెట్‌లో ఒక కనెక్షన్‌ను గుర్తించే అంకె) వివరాలు తప్పని తేలేసరికి ఆయన సుమారు 50 రోజులు జైల్లో గడిపారు. నేరం జరిగిన సమయంలో ఆ ఐపీ అడ్రసు ఆయనది కానే కాదు.

మీ 1:10 కూడా నాకు అనుమానంగానే ఉంది. చాలా సాఫ్ట్‌వేర్లు లాగ్‌ను మన సమయంలో రాయవు, అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో రాస్తాయి. మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. ఆ కాగితం మీది 13:10 ప్రామాణిక సమయమైతే, మన లెక్కలో సాయంత్రం 6:40. అప్పటికి మీరు ఆఫీసులో లేరు. అదే నిజమని నేననడం లేదు. ఆ సర్వర్ ఏ సమయ మండలంలో ఉండేది, గడియారం సరిగ్గా ఉందా అని ఎవరూ అడగకుండానే మిమ్మల్ని పిలిచారేమోనని అంటున్నాను. సాఫ్ట్‌వేర్ తయారు చేసిన సంస్థను అడిగితే ఈ సంగతి తేలిగ్గా తెలుస్తుంది.

సర్వర్ పోయినంత మాత్రాన అన్నీ పోలేదు. పాతరకం హార్డ్ డిస్కులో చెరిపినది, దానిమీద కొత్తది రాసేదాకా అడుగున మిగిలే ఉంటుంది, నిపుణులు కొంతైనా వెలికితీయగలరు. ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు అయితే ఆశ తక్కువ, ఎందుకంటే అది ఖాళీ అయిన భాగాలను తానే తుడిచేసుకుంటుంది. అందుకే ఆ డిస్కు వాడకం ఈరోజే ఆపించాలి. సర్వర్ బయట ఉన్న జాడలు ఇంకా ఎక్కువ: ఆఫీసు రూటరు, ఫైర్‌వాల్ లాగ్‌లు, బ్యాకప్‌లు, హాజరు యంత్రం, సీసీటీవీ. సీసీటీవీకి గడువు చాలా తక్కువ, చాలాచోట్ల కొన్ని వారాల్లోనే పాత దృశ్యాల మీద కొత్తవి పడిపోతాయి. మీకు ఇప్పటికే మూడు వారాలు అయిపోయాయి. టెలికం సంస్థలు మాత్రం కాల్, ఇంటర్నెట్ వాడకం వివరాలను రెండేళ్లు ఉంచాలని 2021 డిసెంబరులో లైసెన్సు నిబంధన మార్చారు కాబట్టి అక్కడ కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

అన్నిటికంటే నేరుగా దొంగ దగ్గరికి దారితీసేది డబ్బు. అది చేరిన ఖాతాలు ఎవరి పత్రాలతో తెరిచారు, ఏ ఫోను నంబరుతో నడిపారు, అక్కడి నుంచి ఎటు పోయింది అన్నది బ్యాంకుల దగ్గర ధ్రువపత్రంతో సహా దొరుకుతుంది. మీ లాగిన్ చుట్టూ తిరిగే దర్యాప్తు ఆ ఖాతాల వైపు వెళ్లిందో లేదో మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. యజమాని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేశారా అని కూడా అడగండి. వెంటనే చేసి ఉంటే డబ్బు కొంతైనా దారిలోనే ఆగేది.

లాగిన్ విదేశీ వీపీఎన్ నుంచి వచ్చిందని తేలితే దర్యాప్తు నెమ్మదిస్తుంది, దానికి సిద్ధపడండి. విదేశీ సంస్థల దగ్గరున్న సందేశాల్లోని విషయం కావాలంటే ప్రభుత్వాల మధ్య పరస్పర న్యాయ సహాయ ఒప్పందం దారిలో వెళ్లాలి, దానికి నెలలు పడుతుంది. 2001 నాటి బుడాపెస్ట్ ఒడంబడికలో సమాచారాన్ని 90 రోజుల వరకు చెరగకుండా నిలిపి ఉంచమనే ఏర్పాటు ఉంది. భారత్ అందులో చేరలేదు.

శిక్షల భయం గురించి రెండు మాటలు. సమాచార సాంకేతిక చట్టంలో మీకు తగలగల సెక్షన్లు, 66, 66సి, 66డి, మూడేళ్ల వరకు శిక్షవి, బెయిలు ఇవ్వదగినవి. ఈ చట్టం కింద దర్యాప్తు చేసేది ఇన్‌స్పెక్టరు, అంతకు పై స్థాయి అధికారే అయి ఉండాలి. ఎఫ్‌ఐఆర్ మీద ఎవరు దర్యాప్తు చేస్తున్నారో చూడండి. అయితే పోలీసులు వీటికి న్యాయ సంహితలోని మోసం 318(4), ఉద్యోగి చేసిన నమ్మకద్రోహం 316(4) జోడించడం మామూలే, అవి ఏడేళ్ల వరకు శిక్ష ఉన్నవి, బెయిలు హక్కుగా రానివి. ప్రత్యేక చట్టం ఉండగా సాధారణ చట్టం సెక్షన్ పెట్టరాదని 2016లో శరత్‌బాబు దిగుమర్తి కేసులో సుప్రీంకోర్టు అశ్లీలత విషయంలో చెప్పింది. 2018లో బొంబాయి హైకోర్టు దాన్ని 66వ సెక్షన్‌కూ వర్తింపజేసింది. అన్ని కోర్టులూ ఆ దారిన నడవలేదు కాబట్టి దానిమీదే ఆధారపడవద్దు. ఎఫ్‌ఐఆర్‌లో న్యాయ సంహితలోని ఆ సెక్షన్లు కనిపిస్తే నాగరిక సురక్షా సంహిత 482 కింద ముందస్తు బెయిలుకు వెళ్లండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఇంకా చూడలేదంటే ఆ పని రేపు పొద్దున్నే చేయాలి.

ఫోను, ల్యాప్‌టాప్ ఏళ్ల తరబడి స్టేషన్లో పడి ఉండాల్సిన పని లేదు. నకలు తీయడం అయిపోయాక తిరిగి ఇప్పించమని నాగరిక సురక్షా సంహిత 503 కింద మేజిస్ట్రేటును అడగవచ్చు. స్వాధీనం చేసుకున్న వస్తువులను అవసరానికి మించి స్టేషన్లో ఉంచరాదని 2002లో సుందర్‌భాయ్ దేశాయ్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఒకవేళ అభియోగపత్రంలో మీ పేరు చేరితే, వాళ్లు ఆధారపడే డిజిటల్ సాక్ష్యం నకలు మీకు ఇవ్వాలి. మెమరీ కార్డులో ఉన్నది పత్రం కిందే లెక్క అని 2019లో గోపాలకృష్ణన్ కేసులో తీర్పు వచ్చింది. బాధితురాలి గోప్యత అడ్డొచ్చిన ఆ కేసులో చూసుకోవడం వరకే అనుమతించారు గానీ, మీ కేసులో అలాంటి అడ్డు లేదు.

ఈ వారంలోనే న్యాయవాదితో ఒక లేఖ రాయించండి. సీసీటీవీ దృశ్యాలు, హాజరు యంత్రం వివరాలు, రూటరు లాగ్‌లు, బ్యాకప్‌లు, చెరిపేసిన డిస్కు, ఆ రోజు ప్రింటు తీసిన అసలు కాగితం, అన్నిటినీ ఉన్నవి ఉన్నట్టు భద్రపరచాలని అందులో ఉండాలి. ఒక ప్రతి యజమానికి, ఒకటి దర్యాప్తు అధికారికి ఇచ్చి, రెంటికీ అందినట్టు సంతకం తీసుకోండి. పది రోజుల్లో కదలిక లేకపోతే అదే లేఖ జతచేసి మేజిస్ట్రేటు ముందు దరఖాస్తు వేయండి. కాల్ వివరాల వంటివి భద్రపరచమని నిందితులు అడిగినప్పుడు కోర్టులు ఆదేశాలిచ్చిన సందర్భాలు ఉన్నాయి. సీసీటీవీ విషయంలో మాత్రం పది రోజులు ఆగకండి, లేఖ ఇచ్చిన రోజే ఆ దృశ్యాలు నకలు తీయించమని యజమానిని అడగండి. ఆయనకూ ఆ డబ్బు తిరిగి కావాలి కదా.